చివరి సిట్టింగ్ దాకా: సిల్చర్ క్యాన్సర్ ఆసుపత్రి ఎలా పెరిగింది?

అస్సాం రాష్ట్రానికి దక్షిణ కొసన బరాక్ లోయ ఉంది. కచార్, హైలాకాండీ, కరీంగంజ్ (2024లో దీని పేరు శ్రీభూమిగా మార్చారు) జిల్లాలను కలిపి అలా పిలుస్తారు. చుట్టూ మేఘాలయ, మణిపుర్, మిజోరం, త్రిపుర, ఒక పక్క బంగ్లాదేశ్. లోయ మొత్తానికి పెద్ద ఊరు సిల్చర్. ఆ ఊళ్లోని మెహెర్‌పూర్ ప్రాంతంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దాని పేరు కచార్ క్యాన్సర్ హాస్పిటల్ అండ్ రీసెర్చ్ సెంటర్. దీన్ని ప్రభుత్వం కట్టలేదు, కార్పొరేట్ సంస్థా పెట్టలేదు. స్థానికులు ఒక సంఘంగా ఏర్పడి తమ కోసం తాము పెట్టుకున్న ఆసుపత్రి ఇది.

2007లో ఈ ఆసుపత్రి సిబ్బంది 23 మంది. 2023 నాటికి 451 మంది అయ్యారు. మొదట్లో అరకొర వసతులే ఉండేవి. 2023కల్లా 28 విభాగాలు ఏర్పడ్డాయి. ఏటా సగటున 5,000 మంది కొత్త రోగులకు ఉచితంగానో, తగ్గించిన ధరకో వైద్యం అందుతోంది. పాత రోగులను కూడా కలుపుకుంటే దాదాపు 20,000 మంది పేదలు దీని మీద ఆధారపడ్డారు. ఆసుపత్రిని నడిపిస్తున్న సర్జన్ డాక్టర్ రవి కణ్ణన్‌కు 2020లో పద్మశ్రీ, 2023లో రామన్ మెగసెసే అవార్డు వచ్చాయి. పైన చెప్పిన అంకెలు మెగసెసే అవార్డు ప్రశంసాపత్రంలో ఉన్నవే.

అదే పత్రంలో ఇంకో అంకె ఉంది. అంతగా ఎవరి కంటా పడదు గానీ, ఈ ఆసుపత్రిని అర్థం చేసుకోవడానికి అసలు తాళంచెవి అదే. ఒకప్పుడు డాక్టర్లు చెప్పిన వైద్యాన్ని చెప్పినట్టు కొనసాగించిన రోగులు నూటికి 28 మంది. తర్వాత అది 70కి చేరింది. అంటే మొదట్లో ప్రతి వందమందిలో 72 మంది దారిలోనే జారిపోయేవారు. క్యాన్సర్ ఉందని తెలుసు, ఆసుపత్రి ఉందనీ తెలుసు. అయినా వైద్యం సాగేది కాదు. ఎందుకు సాగేది కాదు, ఎలా సాగింది అన్నదే ఈ వ్యాసం.

ఎందుకిప్పుడు?

క్యాన్సర్ వైద్యం ఇప్పుడు పెద్ద నగరాలు దాటి జిల్లాలకు వస్తోంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఒక ప్రకటన ఉంది. మూడేళ్లలో దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు (ఉదయం వచ్చి మందు ఎక్కించుకుని సాయంత్రం ఇంటికి వెళ్లే వసతి) పెడతామని, మొదటి ఏడాదే 200 కేంద్రాలు తెస్తామని అందులో చెప్పారు. అస్సాంలో రాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి చిన్నా పెద్దా క్యాన్సర్ ఆసుపత్రుల గొలుసు కడుతున్నాయి. వాటిలో ఏడింటిని 2022 ఏప్రిల్‌లో ప్రారంభించారు.

దీని వెనక ఉన్న కారణం తేలికైనదే. దేశంలో ఏటా 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు వస్తున్నాయని అంచనా. అంతమందీ ముంబై, చెన్నై, హైదరాబాద్ వెళ్లి నెలల తరబడి ఉండలేరు. అందుకే ఆసుపత్రే వాళ్ల దగ్గరికి రావాలి.

మరి ఆసుపత్రి దగ్గరికి వస్తే చాలా? సిల్చర్ అనుభవం ఈ ప్రశ్నకే జవాబు చెబుతుంది.

పదిహేనేళ్లు పట్టిన పుట్టుక

బరాక్ లోయ మనిషికి క్యాన్సర్ వస్తే ఒకప్పుడు దిక్కు గువాహటి. దూరం 300 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో కొండలు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవడం అక్కడ మామూలు సంగతి. సిల్చర్‌కు బ్రాడ్‌గేజ్ ప్యాసింజర్ రైలు వచ్చింది 2015లోనే.

ఈ ప్రాంతంలో క్యాన్సర్ బెడద కూడా ఎక్కువే. ఈశాన్య రాష్ట్రాల్లో క్యాన్సర్ రేట్లు దేశంలోనే అత్యధికం. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం, మిజోరం రాజధాని ఐజ్వాల్‌లో లక్షమంది మగవాళ్లలో ఏటా 269 మందికి క్యాన్సర్ వస్తోంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు పొగాకు ఒక ముఖ్య కారణమైతే, రెండోది వక్క. వక్క ఒక్కటే నమిలినా క్యాన్సర్ రావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఈశాన్యంలో పచ్చి వక్క నమలడం ఇంటింటా ఉన్న అలవాటు. అతిథికి మర్యాద కూడా దానితోనే చేస్తారు.

1981లో స్థానికులు కొందరు కచార్ క్యాన్సర్ హాస్పిటల్ సొసైటీ పేరుతో సంఘం పెట్టారు. ఆసుపత్రి తలుపులు తెరిచింది 1996లో. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి. ఇంత కాలం ఎందుకు పట్టిందన్నది క్యాన్సర్ ఆసుపత్రి స్వభావం తెలిస్తే అర్థమవుతుంది.

మామూలు ఆసుపత్రిని ఒక డాక్టరు, ఒక నర్సు, నాలుగు మంచాలతో మొదలుపెట్టవచ్చు. క్యాన్సర్ ఆసుపత్రికి అది కుదరదు. రేడియేషన్ యంత్రం పెట్టాలంటే మీటరుకు పైగా మందం ఉన్న కాంక్రీటు గోడల గది కావాలి. అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి కావాలి. కిరణాల మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్ట్ (వైద్య భౌతిక శాస్త్రవేత్త) లేకుండా యంత్రం ఆన్ చేయకూడదు. ముక్క పరీక్ష (బయాప్సీ) చూసి చెప్పే పాథాలజిస్టు లేకపోతే అసలు వైద్యమే మొదలు కాదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతావి ఉన్నా ఉపయోగం తక్కువే.

క్యాన్సర్ వైద్యానికి గడియారం ఉంటుంది

రోగులు మధ్యలో ఎందుకు ఆగిపోతారో తెలియాలంటే, ముందు వైద్యం ఎంత కాలం సాగుతుందో తెలియాలి.

నోటి క్యాన్సర్‌నే తీసుకుందాం. ఆపరేషన్ చేసి గడ్డ తీశాక చాలామందికి రేడియేషన్ కూడా కావాలి. మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారు. సాధారణంగా ఇది ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. వారానికి ఐదు రోజులు, మొత్తం 30 నుంచి 35 సిట్టింగులు. అంటే ఆరేడు వారాలు.

మొదటి రోజు ముసుగు తయారుచేస్తారు. జల్లెడలా చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో ముంచుతారు. అది మెత్తబడి బట్టలా వంగుతుంది. నీళ్లు తుడిచి, పడుకున్న రోగి ముఖం మీద పరిచి, చుట్టూ అంచులను బల్లకు బిగిస్తారు. గోరువెచ్చగా తగులుతుంది. ముక్కు, గడ్డం ఆకారం తీసుకుని కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. దాని మీద టేపు అంటించి గుర్తులు గీస్తారు. ఆ ముసుగు ఆ ఒక్క మనిషికే పనికొస్తుంది. రోజూ అదే ముసుగు, అదే బల్ల, అదే గుర్తు. తల కదలకూడదు. యంత్రం కింద ఉండేది కొద్ది నిమిషాలే. నొప్పి తెలియదు. అయితే మూడో వారానికి నోరు పుళ్లు పడుతుంది. ఉమ్మి ఎండిపోతుంది. అన్నం మింగుడుపడదు. సరిగ్గా అప్పుడే చాలామంది మానేస్తారు.

ఒకేసారి మొత్తం మోతాదు ఇచ్చేస్తే పోలేదా అని అడగవచ్చు. ఇవ్వకూడదు. కిరణాలు క్యాన్సర్ కణాలతో పాటు దారిలో ఉన్న మంచి కణాలను కూడా దెబ్బతీస్తాయి. రోజుకు కొద్దికొద్దిగా ఇస్తే, మర్నాటికి మంచి కణాలు చాలావరకు మరమ్మతు చేసుకుంటాయి. క్యాన్సర్ కణాలకు ఆ నేర్పు తక్కువ. ఈ తేడా మీదే వైద్యం మొత్తం నిలబడి ఉంది.

అయితే మరమ్మతు చేతకాని ఆ కణాలకు పెరగడం బాగా చేతనవును. మధ్యలో పది రోజులు మానేస్తే, చావకుండా మిగిలిన కణాలు మళ్లీ సంఖ్య పెంచుకుంటాయి. కొన్ని వారాల వైద్యం తర్వాత అయితే మునుపటి కంటే జోరుగా పెరుగుతాయి. తల, మెడ భాగపు క్యాన్సర్లలో వైద్యం ఒక్కో రోజు ఆలస్యమయ్యే కొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని లెక్క. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కూడా మొత్తం రేడియేషన్ ఎనిమిది వారాల్లోపు ముగించాలంటారు.

కీమోథెరపీ (క్యాన్సర్ కణాలను చంపే మందులు ఎక్కించడం) సంగతీ ఇంతే. చాలా మందులను 21 రోజులకోసారి ఇస్తారు. ఎక్కించిన వారం, పది రోజులకు రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. ఆ సమయంలో జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఊరు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటే అదే ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి సగం వైద్యం సగం ఫలితం ఇవ్వదు. ఒక్కోసారి ఏమీ ఇవ్వదు. ఖర్చు మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది.

రెండు కూలీల లెక్క

ఒక ఉదాహరణ వేసుకుందాం. బరాక్ లోయలో తేయాకు తోటలో పనిచేసే ఒక మనిషి. నోట్లో పుండు మానడం లేదని వచ్చాడు. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. వైద్యం ఉచితం అన్నారు. సంతోషమే. కానీ ఆరేడు వారాలు పని మానాలి. పని మానితే కూలి లేదు. తోడుగా భార్య రావాలి. ఆమె కూడా కూలి మనిషే. అంటే ఇంటికి రెండు కూలీలు పోయాయి. బస్సు చార్జీలు, గది అద్దె, పూటపూటకూ తిండి చేతి డబ్బులే. ఇంటి దగ్గర పిల్లల్ని చూసేవాళ్లు లేరు. కోళ్లు అమ్ముతారు, మేకను అమ్ముతారు, అప్పు చేస్తారు. మూడో వారానికి నోరు పుళ్లు పడి ముద్ద దిగదు. అదే సమయానికి అప్పిచ్చేవాడూ దొరకడు. ఇద్దరూ మూట సర్దుకుని ఊరికి వెళ్లిపోతారు.

ఆసుపత్రి పుస్తకంలో మాత్రం 'రోగి రాలేదు' అని ఒక్క ముక్క పడుతుంది. అది చదివినవాళ్లు అతనికి అవగాహన లేదనుకుంటారు. నిజానికి అతనికి లెక్క బాగా తెలుసు. తను బతకడానికి అయ్యే ఖర్చు, ఇల్లు బతకడానికి కావలసిన డబ్బు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఇంటి వైపు మొగ్గాడు.

సిల్చర్ ఆసుపత్రి పెరుగుదల ఈ లెక్కను అర్థం చేసుకోవడంతో మొదలైంది.

2007 తర్వాత ఏం మారింది?

రవి కణ్ణన్ చెన్నైలో పుట్టి పెరిగిన తమిళుడు. కిల్పాక్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఢిల్లీ మౌలానా ఆజాద్ కాలేజీలో సర్జరీ చదివారు. చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో సర్జికల్ ఆంకాలజీ (క్యాన్సర్ శస్త్రచికిత్స) విభాగాధిపతిగా ఉండేవారు. సిల్చర్ ఆసుపత్రి వాళ్ల పిలుపు మీద ఒకసారి వెళ్లి చూశారు. 2007లో భార్యను, కూతురిని తీసుకుని అక్కడికే మకాం మార్చారు.

వచ్చాక కనబడిన సమస్య ఇదే. రోగులు వస్తున్నారు, వెళ్లిపోతున్నారు. మంచి సర్జన్ వచ్చినంత మాత్రాన, కొత్త యంత్రం కొన్నంత మాత్రాన ఇది మారదు. అందుకని ఆసుపత్రి రోగి ఖర్చును ఒక్కొక్కటిగా విడదీసి చూసింది.

మొదటిది వైద్యం ఖర్చు. పేదలకు ఉచితం చేశారు, లేదా బాగా తగ్గించారు.

రెండోది బస, తిండి. రోగికి, తోడు వచ్చినవాళ్లకు ఉండటానికి చోటు, భోజనం ఆసుపత్రే ఉచితంగా ఏర్పాటు చేసింది.

మూడోది పోయిన కూలి. ఇక్కడే ఆసుపత్రి కొత్తగా ఆలోచించింది. తోడు వచ్చినవాళ్లకు ఆసుపత్రిలోనే తాత్కాలికంగా పని ఇచ్చింది. పైన చెప్పిన ఉదాహరణలో భార్య రోజంతా వరండాలో కూర్చుని రేపటి గురించి దిగులుపడేది. ఇప్పుడు ఆమెకు పని ఉంది, చేతికి కూలి వస్తుంది, భర్త కంటి ముందే ఉన్నాడు. రెండు కూలీల్లో ఒకటి తిరిగి వచ్చింది. దీన్ని దానం అనుకోనక్కర్లేదు. ఆసుపత్రికి ఎలాగూ మనుషులు కావాలి. ఆ మనుషులు ఇక్కడే ఉన్నారు.

నాలుగోది దూరం. హైలాకాండీ, కరీంగంజ్, డిమా హసావో జిల్లాల్లో చిన్న శాఖలు తెరిచారు. పరీక్షకో, చిన్న అవసరానికో ప్రతిసారీ సిల్చర్ రానక్కర్లేకుండా పోయింది.

ఐదోది మరుపు, భయం, విసుగు. చెప్పిన తేదీకి రాని రోగికి ఆసుపత్రి నుంచి ఫోన్ వెళుతుంది. ఎందుకు రాలేదో అడుగుతారు. చాలాసార్లు జవాబు చిన్నదే ఉంటుంది. చార్జీలకు డబ్బుల్లేవనో, కోతల రోజులనో, నోరు పుళ్లు పడిందనో చెబుతారు. చిన్న జవాబుకు చిన్న పరిష్కారం దొరుకుతుంది. అసలు అడగకపోతేనే అది పెద్దదవుతుంది.

ఈ ఐదూ కలిసి 28ని 70 చేశాయి. ఇప్పుడు ఆ రెండు అంకెలను భాగించి చూడండి. రెండున్నర వస్తుంది. అంటే అదే యంత్రంతో, అంతే మంది డాక్టర్లతో పనిచేసినా, వైద్యం సాగించినవాళ్లు రెండున్నర రెట్లు అవుతారన్న మాట. ఇంకో యంత్రం కొనడానికి కోట్లు కావాలి. అన్నం పెట్టి, చోటు చూపించి, పని ఇచ్చి, ఫోన్ చేయడానికి అంత అక్కర్లేదు. క్యాన్సర్ ఆసుపత్రి విషయంలో బస కూడా వైద్యంలో భాగమే అనడానికి ఆధారం ఈ లెక్క.

నొప్పి కూడా జబ్బే

ఎంత చేసినా అందరికీ నయం కాదు. ఊళ్లలో చాలామంది జబ్బు ముదిరాకే వస్తారు. అలాంటివాళ్లకు పాలియేటివ్ కేర్ (నయం చేయలేనప్పుడు నొప్పిని, బాధను తగ్గించే వైద్యం) కావాలి. సిల్చర్ ఆసుపత్రి సిబ్బంది చాలా దూరాలు వెళ్లి రోగి ఇంట్లోనే చూస్తారు. మందులు ఉచితంగా ఇస్తారు. పుండు ఎలా కడగాలో, నొప్పి మందు ఏ వేళకు వేయాలో ఇంటివాళ్లకు నేర్పుతారు.

ఇందులో మార్ఫిన్ కీలకమైన మందు. క్యాన్సర్ చివరి దశ నొప్పికి అది చవకైన, నమ్మదగిన ఆధారం. అయితే అది నల్లమందు నుంచి వస్తుంది కనుక 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద కట్టుదిట్టాలు చాలా ఉండేవి. ఆసుపత్రులు తెప్పించుకోవడానికే జంకేవి. 2014లో చట్టాన్ని సవరించి కొంత తేలిక చేశారు.

దీనివల్ల ఊరికి ఇంకో మేలు ఉంది. బాధతో అరుస్తూ పోయిన మనిషిని చూసిన ఊరు, క్యాన్సర్ అంటే ఆసుపత్రికి వెళ్లడం దండగ అనుకుంటుంది. ప్రశాంతంగా పోయిన మనిషిని, ఇంటికి వచ్చిన నర్సును చూసిన ఊరు, తర్వాతి రోగిని కాస్త ముందే పంపుతుంది.

ఒక విభాగం వెనక ఇంకో విభాగం

రోగులు వదిలి వెళ్లకుండా ఉండటం మొదలుపెట్టాక ఆసుపత్రి పెరగక తప్పదు. రోగి కొసదాకా ఉంటే అతనికి రక్తం కావాలి, ఇన్‌ఫెక్షన్ పట్టుకునే మైక్రోబయాలజీ కావాలి, స్కానింగ్ కావాలి, మింగలేనివాడికి ఏం పెట్టాలో చెప్పేవాళ్లు కావాలి. సిల్చర్‌లో విభాగాలు 28 కావడం వెనక ఉన్న తర్కం ఇది. ట్యూమర్ రిజిస్ట్రీ (ఎవరికి, ఏ ఊళ్లో, ఏ క్యాన్సర్ వచ్చిందో రాసిపెట్టే పద్దు) కూడా ఆ విభాగాల్లో ఒకటి. 28, 70 లాంటి అంకెలు తెలియాలంటే ఎవరో ఒకరు ప్రతి రోగినీ లెక్కపెట్టి ఉండాలి కదా. లెక్కపెట్టని ఆసుపత్రికి తన దగ్గర ఎంతమంది ఆగిపోతున్నారో తెలియదు.

అడయారు దారి

రవి కణ్ణన్ ఈ పద్ధతిని శూన్యంలోంచి తెచ్చుకోలేదు. ఆయన వచ్చిన అడయారు ఇన్‌స్టిట్యూట్ చరిత్ర కూడా ఇలాంటిదే. దాని స్థాపకురాలు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. ఆమె చెల్లెలు 1923లో క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ దుఃఖం ఆమెను వదల్లేదు. 1949లో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అనే మహిళా సంఘం తరఫున క్యాన్సర్ సహాయ నిధి మొదలైంది. 1952లో ఆసుపత్రికి నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న ఆసుపత్రి తెరిచారు. మంచాలు 12. ఆమె కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి, ఆయనతో పాటు డాక్టర్ వి. శాంత జీవితాంతం దాన్ని నడిపారు. 1957లో కెనడా నుంచి రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ యంత్రం వచ్చింది.

ఆసుపత్రి తెరిచేనాటికి మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయి తొమ్మిది నెలలు కూడా కాలేదు. రాష్ట్రం వేరైనా దారి వేరు కాలేదు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ క్యాన్సర్ అనగానే 'అడయారు తీసుకెళ్లండి' అంటారు.

సంఘం పెట్టిన ఆసుపత్రికి ఒక గుణం ఉంటుంది. అది లాభం చూసుకోదు కనుక డబ్బు లేని రోగిని బరువు అనుకోదు. ఒక బలహీనత కూడా ఉంటుంది. నడిపే మనుషుల మీద, వచ్చే చందాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ మనుషుల తర్వాత ఎవరు అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

వరద పెట్టిన పరీక్ష

2022 జూన్‌లో బరాక్ నది పొంగి సిల్చర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. 150 పడకల ఈ ఆసుపత్రి చుట్టూ కూడా నీళ్లు చేరాయి. రోగులను, సిబ్బందిని తేవడానికి లైఫ్ జాకెట్లు, గాలి పడవ పంపమని ఆసుపత్రి అడగాల్సి వచ్చింది. నీళ్లు తక్కువగా ఉన్న రోడ్డు మీద కుర్చీలు వేసి కీమో మందులు ఎక్కించారు. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ దొరక్క ఆపరేషన్లు తగ్గిపోయాయి. మామూలుగా వారానికి 20 చేసేచోట నాలుగే చేయగలిగారు.

రోడ్డు మీద మందు ఎక్కించిన ఆ దృశ్యాన్ని వీరగాథగా చూడవచ్చు. వైద్యం దృష్టితో చూస్తే ఇంకోటి కనబడుతుంది. కీమో తేదీ దాటకూడదు. అందుకే రోడ్డు మీదైనా ఇచ్చారు. రోగిని గడియారం తప్పనివ్వకూడదని పట్టుబట్టిన ఆసుపత్రి, తన వంతు వచ్చినప్పుడు తానూ తప్పలేదు. అయినా నూటికి 30 మంది ఇంకా జారిపోతూనే ఉన్నారన్నది గుర్తుంచుకోవాలి. అక్కడ పని అయిపోలేదు.

మన జిల్లాలకు ఇందులో ఏముంది?

తెలుగు రాష్ట్రాల్లో క్యాన్సర్ ఆసుపత్రులు లేకపోలేదు. హైదరాబాద్‌లో 1955 నుంచి ఎంఎన్‌జే ఉంది, 2000 నుంచి బసవతారకం ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఆపరేషన్, రేడియేషన్, కీమో ఖర్చు చాలావరకు పేదల మీద పడటం లేదు. పైన చెప్పుకున్న ఐదింటిలో మొదటిది మనకు చాలావరకు తీరిందన్న మాట. మిగతా నాలుగు తీరలేదు.

పోయిన కూలి కూడా వైద్యం ఖర్చే అని మన దగ్గర ఒకసారి గుర్తించారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పథకం తెచ్చింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇవ్వాలన్నది అందులోని ఏర్పాటు. సిల్చర్‌లో తోడు వచ్చినవాళ్లకు పని ఇచ్చింది ఏ ఆలోచనతోనో, ఇదీ ఆ ఆలోచనే.

దూరం సంగతి చూడాలంటే ఉత్తరాంధ్ర వెళ్లాలి. శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనబడటానికి కారణం అదే. అంగిలి మీద తెల్ల మచ్చ ఉన్నప్పుడే టార్చిలైటు వేసి చూస్తే పట్టుకోవచ్చు. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఊళ్లో తెలిసిన మనిషి ఉంటే చాలు. ఆ తర్వాత ఆమెను ఆసుపత్రికి పంపి, చివరి సిట్టింగ్ దాకా అక్కడ ఉండగలిగే ఏర్పాటు చేయడం రెండో పని. మొదటి పని చేసి రెండోది వదిలేస్తే, భయం పెట్టి వదిలేసినట్టే అవుతుంది.

రేపో మాపో మీ జిల్లా ఆసుపత్రిలో డే కేర్ క్యాన్సర్ కేంద్రం తెరుస్తారు. రిబ్బన్ కత్తిరించిన రోజు ఎన్ని పడకలు, ఎన్ని కోట్లు అని పేపర్లలో వస్తుంది. ఒక ఏడాది ఆగి, మీరు ఇంకో ప్రశ్న అడగండి. ఇక్కడ వైద్యం మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది, పూర్తి చేసినవాళ్లు ఎంతమంది? ఆ రెండో అంకె చెప్పగలిగితే ఆ కేంద్రం సరైన దారిలో ఉన్నట్టే. అంకె తక్కువగా ఉన్నా ఫరవాలేదు. సిల్చర్ కూడా 28 దగ్గరే మొదలుపెట్టింది.